ఉప్పునీళ్ల సీసాలో బలముందా?

ఎండాకాలం వచ్చి, వెరావల్ బోట్ల మీదికి వెళ్లిన మగాళ్లు ఇళ్లకు చేరారంటే మా తీరంలో సెలైన్ సీసాలకు గిరాకీ పెరుగుతుంది. నెలల తరబడి గుజరాత్ సముద్రంలో వలలు లాగి, నిద్రలేక, వేళకు తిండిలేక ఒళ్లు హూనం చేసుకుని వస్తారు. వచ్చిన మర్నాడో ఆ మర్నాడో, ఊళ్లో సూది వేసే మనిషి దగ్గర బల్ల మీద పడుకుని ‘బలం సీసా’ ఎక్కించుకుంటారు. సంతబొమ్మాళి మండలంలో ఏఎన్‌ఎంగా తిరిగినన్నాళ్లూ భావనపాడులో అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు అడిగేవారు: “నీరసంగా ఉంది నర్సమ్మా, ఒక సీసా ఎక్కించీరాదా?”

ఆ అరలీటరు సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. మిగతాది నీళ్లు. గ్లూకోజు సీసా అయితే పాతిక గ్రాముల చక్కెర, అంటే టీ చెంచాతో ఐదారు చెంచాలు. వాంతులు, విరేచనాలతో ఒళ్లెండిపోయిన మనిషికి అదే ప్రాణం నిలబెడుతుంది, కాదనను. తిరుగుతూ, తింటూ ఉన్న మనిషికి మాత్రం సాయంత్రానికి ఒంటేలు రూపంలో బయటికి పోతుంది. మా నాన్న నౌపడ ఉప్పుమళ్లలో కూలి. “మా నాన్న తట్టలకు తట్టలు మోసిన సరుకునే మీరు డబ్బులిచ్చి నరంలోకి పోయించుకుంటున్నారు” అనేదాన్ని. నవ్వేవారు. నవ్వేసి వెళ్లి ఎక్కించుకునేవారు.

కరోనా వచ్చాక ఈ సీసాకు చాలామంది తోబుట్టువులు పుట్టుకొచ్చారు. రోగనిరోధక శక్తి పెంచే పొడి, రోగనిరోధక శక్తి పెంచే టీ, బిస్కెట్లు కూడా. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం వేలమంది ఒకరినొకరు తోసుకుంటూ వరసల్లో నిలబడ్డారు. జబ్బు రాకుండా ఉండాలని వెళ్లి, జబ్బు అంటుకోవడానికి అంతకన్నా అనువైన చోటు లేనంత గుంపులో నిలబడటం! నేను ఆ వరసను టీవీలో చూశాను. మనిషిని భయం ఎంత దూరమైనా నడిపిస్తుంది, దాన్ని ఎగతాళి చేయను. కానీ అమ్మేవాళ్లెవరూ చెప్పని సంగతి ఒకటుంది. రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదనుకోవడం తప్పు.

మా ఊళ్లలో రొయ్య తింటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, పెదాలు వాచిపోయేవాళ్లు కొందరున్నారు. రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి ఉంటుంది. వాళ్ల ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని శత్రువనుకుని విరుచుకుపడతాయి. ఒక్కోసారి గొంతు పూడుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. కీళ్లను తినేసే రుమటాయిడ్ వాతం, దుమ్ము పడితే ఎగదన్నే ఉబ్బసం, ఇవన్నీ ఆ శక్తి చాలక వచ్చేవి కావు, దారి తప్పడం వల్ల వచ్చేవి. కాబట్టి దాన్ని పెంచడం కాదు మనకు కావలసింది. ఉన్నదాన్ని మన చేతులతో మనం పాడుచేసుకోకుండా ఉండటం, దానికి కావలసిన తిండి, నిద్ర ఇవ్వటం, కొన్ని జబ్బుల ఆనవాలు ముందుగానే దానికి నేర్పించటం. నా ఉద్యోగమంతా ఈ మూడు పనుల చుట్టూనే తిరిగింది.

మొదట పాడుచేసుకోవడం సంగతి. ఈ రక్షణ అంతా ఒక్కచోట ఉండదు. చర్మం, నోటిలోపలి పొర, ముక్కులో చీమిడి, కడుపులో ఆమ్లం, ఎముకల మూలుగలో పుట్టే తెల్లకణాలు, పేగుల గోడల వెంట కాచుకునే కోటానుకోట్ల కణాలు, అన్నీ కలిస్తేనే అది. కంటినీటిలో కూడా సూక్ష్మజీవులను చంపే లైసోజైమ్ ఉంటుంది. దాన్ని కనిపెట్టింది, తర్వాత పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే. ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్ల అరికాళ్లు చూస్తే చర్మం విలువ తెలుస్తుంది. పగిలిన మడమల్లోంచే చీము, వాపు, జ్వరం. మా నాన్న రాత్రిపూట కాళ్లు మంచినీళ్లతో కడుక్కుని కొబ్బరినూనె రాసుకునేవాడు. ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇక నోరు. శ్రీకాకుళం తీరంలో పుట్టినవాళ్లకు అడ్డపొగ గురించి చెప్పనక్కర్లేదు. మిగతా జిల్లాలవాళ్లు నమ్మరు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. మగాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ. గాలికి ఆరదు, నుసి రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చేపలు ఆరబెడుతూ, గంప సర్దుకుంటూ నోట్లో నిప్పుతో మాట్లాడగలిగిన ముసలమ్మలను నా చిన్నప్పుడు రోజూ చూసేదాన్ని. మా మామ్మా వాళ్లలో ఒకతె.

ఈ అలవాటు మీద పరిశోధకుల కళ్లు మన జిల్లాలోనూ పడ్డాయి. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వాళ్లు 1960లలో ఇంటింటికీ తిరిగి నోళ్లు చూశారు. డెన్మార్క్ దంతవైద్యుడు పిండ్‌బోర్గ్ వాళ్లతో కలిశాడు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి ఎలా మారిపోతుందో 1971లో ప్రచురించారు. తెల్లటి దళసరి మచ్చలు, ఎర్రని పుళ్లు, చివరికి క్యాన్సర్. మిగతా చోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. ఇక్కడ అది తెలిసిన జబ్బు.

అందరూ క్యాన్సర్ దగ్గరే ఆగిపోతారు. అంతకన్నా ముందు జరిగేది వేరు. నోటిపొర మన కోసం రోజంతా లాలాజలంతో సూక్ష్మజీవులను కడుగుతూ, వాటిని పట్టుకునే ప్రతిరక్షకాలను వదులుతూ ఉంటుంది. దాన్ని నిప్పుతో కాల్చుకున్నాక ఆ పని ఎవరు చేస్తారు? పొగ లోపలికి పోయాక గాలిగొట్టాల్లో దుమ్మునూ క్రిములనూ పైకి ఊడ్చే సన్నని కేశాలు చచ్చుబడతాయి. పొగ తాగేవాళ్లకు దగ్గు, నిమోనియా, టీబీ ఎక్కువ కావడానికి ఇదొక కారణం. “అప్పా, నోరు తెరువు” అంటే సిగ్గుపడేవారు. “ముప్పయ్యేళ్ల అలవాటు, ఇప్పుడు మానీమంటే ఎలాగమ్మా” అనేవారు. కొందరు మానేశారు కూడా. ఇప్పటి కోడళ్లు అడ్డపొగ ముట్టరు, సంతోషం. వాళ్ల మొగుళ్ల జేబుల్లో ఖైనీ, గుట్కా పొట్లాలు కనిపిస్తున్నాయి, అది దుఃఖం.

తిండి దగ్గరికి వస్తే నాకు కోపమొస్తుంది. భావనపాడు రేవులో దిగే చందువా, వంజరం, రొయ్య తెల్లారేసరికి ఐసు పెట్టెల్లో వెళ్లిపోతాయి. చేపను పట్టినవాడి ఇంట్లో ఆ పూట అన్నం, చింతపండు పులుసు. ఇంటి ఆడమనిషి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తింటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నాకు సర్వే అక్కర్లేదు. కనురెప్ప కిందికి లాగి చూస్తే చాలు, పాలిపోయి కనబడుతుంది.

తిండికీ జబ్బును తట్టుకోవడానికీ ఉన్న సంబంధాన్ని మన దేశంలోనే గట్టిగా నిరూపించారు, ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. టీబీ క్రిమి ఒంట్లోకి చేరినవాళ్లలో పదింట తొమ్మిదిమందికి జబ్బు రాదు. ఒళ్లు దాన్ని ఒక మూల అణచి పెడుతుంది. తిండి తగ్గి, మనిషి చిక్కిపోయినప్పుడు ఆ కాపలా సడలి అది లేస్తుంది. జార్ఖండ్‌లో డాక్టర్ అనురాగ్ భార్గవ బృందం టీబీ రోగుల ఇళ్లలోని పదివేల మందికి పైగా కుటుంబసభ్యులను తీసుకుంది. ఒక వర్గానికి తలకు నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రెండో వర్గంలో రోగికి మాత్రమే తిండి సాయం. ఇంటిల్లిపాదికీ తిండి అందిన వర్గంలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఎదుటివారికి అంటుకునే రకం అయితే 48 శాతం. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కిలోన్నర పప్పు! ఏ పొడి డబ్బా ఇలాంటి లెక్క చూపించగలదు?

బోటు మీద ఇరుకు గదిలో పదిమంది పక్కపక్కనే పడుకునేవాళ్లకు ఈ లెక్క ముఖ్యం. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. టీబీ అని తేలితే మందులు ఉచితం. తిండి కోసం నిక్షయ్ పోషణ్ పథకం కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు.

మరి ఏం తినాలి? కొత్తగా కొనాల్సింది పెద్దగా లేదు. అమ్ముడుపోని చిన్న నెత్తళ్లను ముల్లుతో సహా తింటే మాంసకృత్తులు, కాల్షియం రెండూ వస్తాయి. ఎండు నెత్తళ్లయితే వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. లేకపోతే ఉప్పు మితి మీరుతుంది. రోజుకు అన్నిటిలో కలిపి ఐదు గ్రాములు దాటొద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మా పెద్దవాళ్ల చోడి (రాగి) అంబలిని పిల్లలు ‘పేదోళ్ల తిండి’ అని వదిలేశారు. వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పిసరు కూడా ఉండదు. విటమిన్ సి కోసం విదేశీ పళ్లు తెచ్చుకోనక్కర్లేదు. దొడ్లో జామకాయలో కమలాపండు కంటే నాలుగైదు రెట్లు ఉంటుంది. అంగన్‌వాడీ గుడ్డు ఎవరి కోసం ఇచ్చారో ఆ గర్భిణే తినాలి. ఇంటికి తెచ్చి మామగారికి వడ్డించకూడదు. ఈ మాట అన్నందుకు ఒకావిడ నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు.

నడవండి, వ్యాయామం చేయండి అని మా ఊళ్లో చెప్పడానికి నాకు నోరు రాదు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషికి ఏం చెప్పను? ఇది చదువుతున్న విశాఖ, హైదరాబాదు వాళ్లకైతే చెప్పొచ్చు. వారానికి 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా నడవండి.

మా వాళ్లకు కరువైంది నిద్ర. అర్ధరాత్రి దాటాక లేచి వేటకు వెళతారు. పగలు వచ్చి పడుకుందామంటే వల బాగుచేయాలి, సరుకు బేరం చూసుకోవాలి. ఇప్పుడు ఫోను కూడా తోడైంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆరిక్ ప్రాథర్ 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేయించి చూశాడు. అంతకుముందు వారం రాత్రికి ఆరుగంటలకన్నా తక్కువ నిద్రపోయినవాళ్లకు, ఏడుగంటలు దాటి నిద్రపోయినవాళ్లకంటే జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు పైనే ఉంది. ఇది 2015 నాటి మాట. వేటకు వెళ్లేవాళ్లు ఒక్క దఫాలో ఏడుగంటలు పడుకోలేరు, సరే. మధ్యాహ్నం రెండు మూడు గంటలు గది చీకటి చేసి, ఫోను పక్కింట్లో పెట్టి పడుకోమనేదాన్ని. భార్యలకు ఆ మాట నచ్చేది. సారా తాగితే మొద్దునిద్ర పడుతుంది కదా అని వాదించేవాళ్లకు ఒకటే జవాబు: అది మైకం. పైగా తాగుడు తెల్లకణాల పనినే మందగింపజేస్తుంది.

తిండి, నిద్రలతో పాటు క్రిమిని ఒంట్లోకి రాకుండా బయటే ఆపడం కూడా ముఖ్యమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా జిల్లా మీద పడినప్పుడు కొబ్బరి, జీడి తోటలు పోయిన సంగతి అందరూ రాశారు. మాకు ఆ వారమంతా పని బావుల దగ్గరే. బావుల్లోకి మురికి దిగింది, కరెంటు లేదు, కుళాయి లేదు. అప్పుడు మా సంచుల్లో ఉన్నవి క్లోరిన్ మాత్రలు, బ్లీచింగ్ పౌడరు, ఓఆర్ఎస్ పొట్లాలు. నీళ్లు మరగబెట్టుకుని తాగండి, చేతులు సబ్బుతో కడుక్కోండి అని గొంతు పోయేలా అరిచాం. వైరస్‌లలో కొన్నింటికి పైన కొవ్వు తొడుగు ఉంటుంది. సబ్బు దాన్ని చింపేస్తుంది. తొడుగు లేనివాటిని ఊడ్చి నీళ్లతో పంపేస్తుంది. సబ్బుతో చేతులు కడుక్కునే ఇళ్లలో విరేచనాలు దాదాపు మూడోవంతు తగ్గుతాయి. చేప కోసిన చేతిని చీరకొంగుకు తుడుచుకుని పిల్లకు ముద్ద పెట్టే అలవాటు మాత్రం తుపానుకు కూడా కొట్టుకుపోలేదు.

చివరిగా, ఒంటికి ముందే నేర్పించే పని. అది పుట్టిన గంటలోనే మొదలవుతుంది. ముర్రుపాలు పసుపుపచ్చగా, చిక్కగా ఉంటాయని పిండి పారబోసేవారు. పంచదార నీళ్లు, ఆముదం చుక్కలు పోసేవారు. తల్లి జీవితమంతా ఎదుర్కొన్న జబ్బులకు తయారైన ప్రతిరక్షకాలు ఆ పాలలోనే ఎక్కువ. ఇంట్లో ముసలమ్మను ఒప్పిస్తేనే కోడలు పట్టేది. అందుకని నేను ముందు అత్తగారి కాళ్ల నొప్పుల గురించి అడిగి, ఆ తర్వాత పాల మాట ఎత్తేదాన్ని.

బుధవారం, శనివారం టీకాల రోజులు. ఐసు ప్యాకులు పెట్టిన పెట్టె భుజాన వేసుకుని వెళ్లేవాళ్లం. లోపల రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలి ఉండాలి. మా ఎండల్లో అది మాటలు కాదు. తొమ్మిది నెలలకు, మళ్లీ ఏడాదిన్నర ప్రాంతంలో తట్టు టీకా, దాంతోపాటు విటమిన్ ఎ చుక్కలు. తట్టు వస్తే ‘అమ్మవారు పోసింది’ అని వేపమండలు కట్టి ఊరుకునేవారు. వేపమండల మీద నాకు కోపం లేదు, పిల్లకు గాలి తగులుతుంది. కానీ తట్టు వచ్చి పోయాక ఆ పిల్ల నెలల తరబడి ఏదో ఒక జబ్బు పడేది, ఎందుకో మాకు తెలిసేది కాదు. 2019లో తెలిసింది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షించారు. అంతకుముందు రకరకాల జబ్బుల మీద సంపాదించుకున్న ప్రతిరక్షకాల్లో 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి. పిల్ల ఒళ్లు నేర్చుకున్న పాఠాలు మళ్లీ మొదటికి వచ్చాయన్నమాట. ఆ వార్త చదివినరోజు నాకు ఎన్నో ఇళ్లు గుర్తొచ్చాయి.

పెద్దవాళ్లకు, అందులో వేటకు వెళ్లేవాళ్లకు, మరిచిపోకుండా చెప్పాల్సింది ధనుర్వాతం గురించి. ‘తండేల్’ సినిమా వచ్చాక బోటు పెద్దను తండేలంటారని ఊరూరా తెలిసింది. ఎంత కండగల తండేలయినా, చోడి అంబలి తాగి ఏడుగంటలు నిద్రపోయినా, టీకా లేకపోతే ఈ జబ్బు ముందు పసిపిల్లాడే. ఆ క్రిమి వదిలే విషం ప్రాణం తీయడానికి ఎంత తక్కువ చాలంటే, ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని గుర్తుపట్టి నేర్చుకునేంత కూడా ఉండదు. అందుకే ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికినవాళ్లకూ మళ్లీ రావచ్చు. వాళ్లకూ టీకా వేయాలి. జెల్ల ముల్లు గుచ్చుకున్నా, టేకు చేప తోక కొట్టినా, తుప్పుపట్టిన గాలం దిగినా మా వాళ్లు చుట్ట నుసి అద్దుతారు, కిరసనాయిలు పోస్తారు. అవి వద్దు. మంచినీళ్లతో, సబ్బుతో కడగాలి. టేకు ముల్లు నొప్పికి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు ముంచి ఉంచితే విషం తీవ్రత తగ్గుతుంది. తర్వాత ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి రావాలి. కిందటిసారి టీకా ఎప్పుడు పడిందో గుర్తులేదని, కార్డు పోయిందని మొహమాటపడి ఆగిపోయినవాళ్లున్నారు. కార్డు అక్కర్లేదు. గుర్తులేకపోతే పడనట్టే లెక్కగట్టి వేస్తారు.